బయటి కంపెనీది

"బయటి కంపెనీది నా ఇంట్లో అడుగు పెట్టదంతే!" శాంతికుమార్ కాఫీ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టాడు.

ఆశాజ్యోతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తండ్రి నోట ఈ వారంలో ఆ మాట రావడం ఇది రెండోసారి. మొదటిసారి ఉదయ్‌కుమార్ గురించి అన్నాడు. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో వెయ్యాల్సిన మెమరీ గురించి.

ఉదయ్‌కుమార్ ఆమెతో పాటు నిడదవోలు కాలేజీలోనే పాఠాలు చెబుతాడు. నెమ్మదస్తుడు. ఆమె అంటే ప్రాణం. పెళ్ళి చేసుకుంటానని తనే వచ్చి అడుగుతానన్నాడు కూడా. అన్నీ బాగానే ఉన్నాయి గానీ వాళ్ళది రామచంద్రపురంలో బాప్టిస్టు సంఘం. శాంతికుమారేమో ఇక్కడి లూథరన్ సంఘానికి పెద్ద. ఇంకేముంది!

"మనం పసిబిడ్డకి నుదుట నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇస్తాం. వాళ్ళు ఎదిగిన మనిషిని పట్టుకెళ్ళి కాలవలో ముంచుతారు. ఎలా పొసుగుద్దే?" అన్నది ఆయన వాదన.

ల్యాప్‌టాప్ గొడవ వేరే. ఆదివారం కోత పండుగ. చర్చిలో పాటలు తెర మీద వేసేది ఆయన ల్యాప్‌టాప్‌తోనే. నిరుడు సరిగ్గా పాట మధ్యలో అది బిగుసుకుపోయింది. చరణం గుర్తురాక జనమంతా "ఊఁ... ఊఁ..." అని రాగం తీశారు. ఆ పరువు తక్కువ ఆయనకింకా మింగుడు పడలేదు.

"ఈ మోడల్‌కి కంపెనీ మెమరీ రావట్లేదని షాపువాళ్ళు చెప్పేశారు కదా నాన్నా. ఇది వేరేవాళ్ళదైనా దీనికి సరిపోయేదే. తెప్పించేశాను."

"కాలిపోతే?"

"కాలదు."

"దేని కంపెనీది దానికే వెయ్యాలి. మిషనుకైనా, మనిషికైనా!"

"అయితే పందెం. పండుగ ఆరాధన అయ్యేదాకా ఇది ఆగకపోతే ఉదయ్‌ని భోజనానికి పిలవాలి."

"ఆగితే?"

ఆశాజ్యోతి ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. "ఇంక ఆ పేరెత్తను."

"అది మాట!" అన్నాడు శాంతికుమార్.

మూల పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న సంపూర్ణమ్మ తల ఎత్తలేదు. ఆవిడ శాంతికుమార్ తల్లి. కోడలు మెర్సీ పోయాక మనవరాలిని పెంచింది ఆవిడే. సంపూర్ణమ్మ ఒకప్పుడు ముందూ వెనకా ఎవరూ లేక హాస్టల్లో పెరిగి, ఈ ఇంటి కోడలై వచ్చింది. చర్చిలో పాట ఎత్తుకోవాలన్నా, ప్రార్థన చెయ్యాలన్నా అందరూ ఆవిడ వైపే చూస్తారు.

ఆశాజ్యోతి మరలు విప్పి, ల్యాప్‌టాప్ అడుగు రేకు తీసింది. "చూడు నాన్నా. పాత మెమరీ మీద ఎవరి పేరుందో."

శాంతికుమార్ కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఇదేంటి! పైన ఒక పేరు, లోపల ఒక పేరూనా?"

"ల్యాప్‌టాప్ చేసేవాళ్ళు మెమరీ చెయ్యరు. వాళ్ళూ బయటే కొంటారు. ఇన్నేళ్ళూ నీకు పని చేసింది బయటిదే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, "అయినా వాళ్ళ చేత్తో పెట్టారు కదా," అని గొణిగాడు. పట్టుకున్న కుందేలుకి మూడే కాళ్ళు.

కొత్తది ఖాళీ గాడిలో పెట్టి మీట నొక్కింది. తెర నల్లగా ఉండిపోయింది.

"చెప్పానా! చెప్పానా!" శాంతికుమార్ లేచి నిలబడ్డాడు.

ఆశాజ్యోతి మీట ఇంకోసారి నొక్కింది. లాభం లేకపోయింది.

"కంగారెందుకురా?" అంది సంపూర్ణమ్మ. "కొత్త చోటు. కుదురుకోడానికి కాస్త టైం పట్టదా? అమ్మడూ, ఇంకోసారి తీసి గట్టిగా నొక్కు."

మెమరీ తీసి, గాడిలో మళ్ళీ గట్టిగా నొక్కింది. ఈసారి 'టిక్' మని చప్పుడు. మీట నొక్కిన కాసేపటికి తెర వెలిగింది.

ఆదివారం చర్చికి వెళ్తుంటే సంపూర్ణమ్మ ఎప్పటిలాగే కాలవ లాకుల దగ్గర ఆటో ఆపించి, కాలవ వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. "మొదలెట్టింది చాదస్తం! పాటలకి ఆలస్యం అవుద్దమ్మా," అని కొడుకు విసుక్కున్నాడు.

చర్చి నిండా వరి కంకులు, అరటి గెలలు, కొబ్బరి గెలలు. పాట మొదలైంది. తెర మీద చరణాలు ఒకదాని వెనక ఒకటి చకచకా వచ్చాయి. పాట వెనక ఊగే వరిచేల వీడియో కూడా ఎక్కడా తడబడలేదు. జనం గొంతెత్తి పాడుతుంటే పైకప్పు లేచిపోతుందేమో అనిపించింది. పాస్టరుగారు మైకులోనే, "శాంతికుమార్ గారూ, ఈ ఏడు అదరగొట్టేశారండీ!" అన్నారు. చప్పట్లు మోగాయి. ఆశాజ్యోతికి ఆ చప్పట్లన్నీ తనకే అనిపించి కళ్ళు చెమర్చాయి. గెలిచింది!

ఇంటికి వస్తుంటే ఆటోలో శాంతికుమార్ గొంతు సవరించుకున్నాడు.

"మెమరీ గెలిచింది, ఒప్పుకున్నాను. కానీ మనిషి మిషను కాదమ్మా. ఇంటి మనిషయ్యేవాళ్ళు మొదట్నుంచీ మన సంఘంలో వాళ్ళై ఉండాలి. మీ మామ్మని చూడు! ఇన్నేళ్ళలో ఒక్క ఆరాధన తప్పిందా? అసలు సిసలు కంపెనీ సరుకంటే అది!"

"మాటిచ్చావు నాన్నా!" ఆశాజ్యోతికి ఏడుపు తన్నుకొచ్చింది.

"ఆటో ఆపు బాబూ," అంది సంపూర్ణమ్మ. లాకులు వచ్చాయి.

మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. దోసిట్లోకి కాలవ నీళ్ళు తీసుకుని, వెనకాలే దిగి వచ్చిన కొడుకు వైపు చూస్తూ మనవరాలితో అంది.

"అమ్మడూ, ఆ అబ్బాయికి ఫోన్ చెయ్యి. వచ్చే ఆదివారం భోజనానికి రమ్మను. కొర్రమీను పులుసు పెడతాను."

"అమ్మా! నేనింకా సరేననలేదు."

"నా బాప్తిస్మం సంగతి మీ నాన్నకీ, అప్పటి పాస్టరుగారికీ తప్ప ఎవరికీ తెలీదురా. ఇవాళ నీకూ చెప్పక తప్పేలా లేదు."

"ఏంటా సంగతి?"

సంపూర్ణమ్మ నవ్వింది.

"నేనూ కాలవలో మునిగిన పిల్లనేరా."