తోడు మారింది

పాత ఫోన్లను కూడా ఇంట్లోనే తోడు వేసుకునే రోజులొచ్చాయి. ప్రతి వంటింట్లోనూ రెండు తోడు గిన్నెలు: ఒకటి పాలకు, ఇంకోటి ఫోన్లకు. చచ్చిన ఫోన్లున్న జాడీలో చెంచాడు సూక్ష్మజీవుల్ని కలిపితే, తెల్లారేసరికి ప్లాస్టిక్ పైకి తేలి, బంగారం అడుక్కి చేరేది.

ఆ పొద్దున భీమశంకరం జాడీ తెరిస్తే ఫోన్లు చెక్కుచెదరలేదు. పైగా పుల్లటి వాసన! నిన్న పక్కింటి రత్తమ్మ తోడు అడిగితే తానిచ్చింది ఏ గిన్నెలోదో అర్థమైంది. ఆవిడ నోట్లో బంగారు పన్నుంది. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు.

"పెరుగు తిన్నావా చెల్లెమ్మా?"

"గిన్నె నాకేశానన్నయ్యా. మీ తోడు మహా గట్టిది!"

"తోడు కాదమ్మా, అది తోడేలు! ఏదీ, నోరు తెరు."

బంగారం ఉండాల్సిన చోట ఖాళీ సందు కనిపించింది.

"అయ్యో, కట్టించుకున్న పన్ను నీది, ఎగ్గొట్టింది నేను!"

"పన్నుదేముందిలెండి. ఆపరేషన్ చేసి స్టీలు మోకాలు పెట్టారా, ఇందాకట్నుంచీ అక్కడ ఒకటే దురద. ఎందుకంటారు?"

ప్రతి మాటకూ రెండో అర్థం లాగే భీమశంకరానికి, ఆ మాటకు మాత్రం ఒకటే అర్థం కనిపించింది.