ఫ్రిజ్‌లో బంతులు

"దోశెల పిండి పక్కన ఈ టెన్నిస్ బంతులేంటి సుందరీ?" ఫ్రిజ్ తలుపు పట్టుకుని అడిగాడు విక్టర్.

"చల్లబడనివ్వండి. సాయంత్రం మ్యాచ్ ఉందిగా."

"తినే వస్తువుల మధ్య బంతులు పెడతారా ఎవరైనా?"

"మూత తియ్యని డబ్బా అది. మీ ఆవకాయ సీసా కన్నా శుభ్రంగా ఉంది. ముందు ఆ తలుపు వెయ్యండి."

గల్ఫ్‌లో గలాలీ అనే ఊళ్ళో వాళ్ళుండే కాంపౌండ్‌లో టెన్నిస్ కోర్టు ఉంది. ప్రతి గురువారం సాయంత్రం భార్యాభర్తలిద్దరూ ఒక సెట్ ఆడతారు. ఓడినవాళ్ళు శుక్రవారం వంట చెయ్యాలి. అదేమీ చిన్న వంట కాదు. అక్కడ శుక్రవారమే సెలవు కాబట్టి, చర్చిలో ఆరాధన అయ్యాక తెలుగు సహవాసం నుంచి ఎవరో ఒకరు భోజనానికి వస్తారు.

చలికాలంలో ఎక్కువగా విక్టరే గెలిచేవాడు. ఎండలు ముదిరాక ప్రతి వారం సుందరిదే గెలుపు. విక్టర్ దగ్గర కారణం ఎప్పుడూ సిద్ధం.

"వేడికి బంతి మహా హుషారవుతుంది. జనవరిలో మోకాలి దాకా లేచేది ఇప్పుడు భుజం దాకా లేస్తోంది. కొంచెం గట్టిగా కొడితే చాలు, గీత దాటేస్తోంది."

"నేను ఆడేదీ ఆ బంతితోనేగా?"

"నీది మెత్తటి దెబ్బ. నాది మొరటు దెబ్బ."

సుందరికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. డిగ్రీలో ఫిజిక్స్ చదివిన మనిషి. గెలిస్తే సాకులకు చోటు లేకుండా గెలవాలని ఆమె పట్టుదల. అందుకే ఫ్రిజ్.

ఆ సాయంత్రం బంతులు బుద్ధిగా, తక్కువ ఎత్తులోనే లేచాయి. అయినా విక్టర్ కొట్టినవి గీత అవతలే పడ్డాయి. 6-2.

"తీగలు సుందరీ! రాకెట్ పొద్దుటి నుంచి కారు డిక్కీలోనే ఉండిపోయింది. సల్మాబాద్‌లో మా ఆఫీసు దగ్గర ఎండకి తీగలు వదులైపోయి బంతిని ఉండేల్లా విసిరేస్తున్నాయి."

"డిక్కీలో పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"మర్చిపోయాను."

మర్నాడే సుందరి ఆ రాకెట్‌కి కొత్త తీగలు బిగువుగా వేయించి, ఏసీ గదిలో తన బీరువా పక్కన పెట్టింది. గురువారం చూస్తే అక్కడ లేదు. మళ్ళీ డిక్కీలో తేలింది.

"కొత్త తీగలు ఆఫీసులో చూపిద్దామని తీసుకెళ్ళాను" అన్నాడు విక్టర్, తల గోక్కుంటూ. 6-1.

విక్టర్ తండ్రి సత్యవేదం గారు వాళ్ళతోనే ఉంటారు. సాయంత్రం బాల్కనీలో కుర్చీ వేసుకుని, కోడలు పాయింటు గెలిచినప్పుడల్లా చప్పట్లు కొట్టేవారు. కన్నకొడుకుని కాదని కోడలి పక్షం పట్టే మామగారు ఎంతమందికి దొరుకుతారని సుందరి మురిసిపోయేది.

ఆరాధనకు వెళ్తే అక్కడా అంతే, సహవాసంలో ఎవరో ఒకరు అడిగేవారు.

"అక్కా, నిన్న గెలిచావా?"

"గెలిచాను."

"దేవునికి స్తోత్రం!"

ఆ రోజు భోజనానికి పిలిచినవాళ్ళ కన్నా ఇద్దరు ఎక్కువే వచ్చేవారు.

ఈ శుక్రవారం మాత్రం బయటివాళ్ళెవరూ లేరు, ఇంటి ముగ్గురే. విక్టర్ హమూర్ చేపల పులుసు పెట్టాడు. చొక్కా అంతా చెమట. చేతి మీద నూనె చిట్లిన మచ్చ. సుందరి మనసు కరిగింది.

"ఒక మాట చెప్పాలి" అంది.

తండ్రీ కొడుకులు తలెత్తారు.

"ఈ ఎండల్లో నేను గెలిచింది అసలు గెలుపే కాదు. నేనెంత సర్దినా బంతి, తీగలు ఆయనకి ఎదురు తిరుగుతూనే ఉన్నాయి. పాపం, అది చాలక వారం వారం పొయ్యి దగ్గర ఉడికిపోతున్నారు. అందుకని చలి మొదలయ్యేదాకా మ్యాచ్‌లు బంద్. అప్పటిదాకా శుక్రవారం వంటంతా నాదే."

విక్టర్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అబ్బే, ఎందుకు సుందరీ..." అని నసిగాడు.

"మీరేం మొహమాటపడకండి" అంటూ ఆమె పెరుగు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

సత్యవేదం గారు గిన్నెలో మిగిలిన పులుసంతా తన కంచంలో వంపుకుని, కొడుకు చెవి దగ్గరికి వంగారు.

"ఒరేయ్, ఎండాకాలమంతా అంత కష్టపడి ఓడిపోయినా, మనకి కోడలి వంట తప్పలేదు కదరా!"