మూడో అంతస్తు తలుపు

"మూడో అంతస్తులో తలుపూ గోడా ఒకటే రంగు. తలుపెక్కడో తెలియక పావుగంట గోడలు తడుముకున్నాను. మీ బొమ్మలు ముద్దొస్తున్నాయి, కానీ దారి చూపించట్లేదు."

రాసినవాడు గ్రూపులో పెట్టుకున్న పేరు పాతచెప్పు.

చెల్లెలికి ఒళ్లు మండిపోయింది.

"చూడన్నయ్యా, మళ్లీ తయారయ్యాడు!"

అన్నాచెల్లెళ్లు ఏడాదిన్నరగా ఇంట్లోనే కూర్చుని ఒక వీడియో గేమ్ తయారుచేస్తున్నారు. వానలో ఒక పోస్టమ్మాయి పన్నెండంతస్తులు ఎక్కి ఇంటింటికీ ఉత్తరాలివ్వాలి. అంతే ఆట.

అన్న కోడ్ రాస్తాడు. చెల్లెలు భోజనాల బల్ల మీద నీటిరంగులతో బొమ్మలు వేసి, ఫోనుతో ఫొటోలు తీసి ఇస్తుంది.

అంతకుముందు ఆమె దుప్పట్ల కంపెనీలో డిజైన్లు గీసేది. దుప్పటికి దిండు గలీబు కలవాలి, గలీబుకు కర్టెన్ కలవాలి అని పదేళ్లు గీసిన చెయ్యి అది. తలుపును గోడలో కలిపేస్తే తప్పని దానికెలా తోస్తుంది?

ఆటను ఉచితంగా నెట్లో పెట్టి, బొమ్మల్ని గేములు చేసేవాళ్ల కోసం తనే నడిపే గ్రూపులో పెట్టి, "ఆడి చూసి మొహమాటం లేకుండా చెప్పండి" అని అడిగింది ఆమే.

మొహమాటం లేకుండా చెప్పేవాడు ఒక్కడే దొరికాడు. వాడే ఆమెకు గిట్టలేదు.

మిగతావాళ్లు మాత్రం బంగారం.

"అదిరిందక్కా!"

"కళ్లు చెదిరిపోయాయి!"

"మీ చేతులకు దండం పెట్టాలి!"

అన్న తల గోక్కున్నాడు. "పోనీ, ఆ తలుపు సంగతి ఒకసారి చూద్దామా?"

"మూడొందలమంది మెచ్చుకున్నారు. వాళ్లందరికీ కనిపించిన తలుపు వాడొక్కడికే కనిపించలేదా? కళ్లజోడు మార్చుకోమను."

పదిహేను రోజుల్లో ఆటను పెద్ద ప్రదర్శనకు పంపాలి. అక్కడ ఎంపికైతే ఆట జనంలోకి వెళ్తుంది. కాకపోతే అన్న ఉద్యోగంలో చేరిపోతాడు, ఆట అటకెక్కుతుంది. అలా అని ఇద్దరూ ముందే అనుకున్నారు.

మూడు రోజులకు మళ్లీ పాతచెప్పు.

"ఏడో అంతస్తులో పోస్టమ్మాయి కోటూ వానమబ్బూ కలిసిపోతున్నాయి. పిల్ల మాయమైపోతోంది. కోటుకు ఎర్ర అంచు ఒక్కటి వేయండి, చాలు."

చెల్లెలు ఇక ఆగలేకపోయింది.

"మీరు బొమ్మలు వేస్తారా?"

"రాదండీ. నేను పిల్లిని గీస్తే బిందె అనుకుంటారు."

"మరి నాకెందుకు సలహాలు?"

"మెట్లెక్కుతున్నది నేను కదండీ."

ఆ జవాబు ఆమెకు పొగరుగా తోచింది. గ్రూపులో అందరి ముందూ రాసేసింది: "పాతచెప్పులు గుమ్మం బయటే ఉండాలి."

నూటయాభై మంది పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు.

కాసేపటికి అతను రాశాడు. "సరేనండీ, వెళ్తాను. ఒక్క మాట. పదకొండో అంతస్తులో ఆ అవ్వ తలుపు తీసినప్పుడు..."

ఆ మాట చివరిదాకా చదవకుండానే చెల్లెలు అతన్ని గ్రూపులోంచి గెంటేసింది.

ఆటను ఉన్నదున్నట్టే ప్రదర్శనకు పంపారు.

నెల తర్వాత జవాబొచ్చింది. అన్న పైకి చదివాడు.

"బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. అయితే మూడో అంతస్తులో తలుపు కనిపించక మా ముగ్గురు పరిశీలకులూ అక్కడే ఆగిపోయారు. ఎంపిక చేయలేకపోతున్నందుకు..."

మిగతాది చదవలేక ఆపేశాడు.

చెల్లెలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓడిపోయినందుకు కాదు, సిగ్గుతో. అంత వివరంగా చెప్పిన మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేసింది.

"సోమవారం ఉద్యోగంలో చేరతానని చెప్పేస్తాలే," అన్నాడు అన్న, ఆమె మొహం చూడకుండా.

ఆమె పాతచెప్పు కోసం వెతికింది. ఆ పేరుతో ఖాతా ఎక్కడా లేదు, మూసేసుకున్నాడు. ఏం చేయాలో తోచక గ్రూపులోనే రాసింది: "పాతచెప్పు గారూ, తప్పు నాదే. ఎవరికైనా ఆయన తెలిస్తే దయచేసి చెప్పండి."

నిమిషం తిరక్కుండా జవాబులు మొదలయ్యాయి.

"అదిరిందక్కా!"

"మీ చేతులకు దండం పెట్టాలి!"

చెల్లెలు ఆ రెండు ముక్కలూ మళ్లీ చదివింది.

"అన్నయ్యా, మన ఆటను ఎవరు ఎంతవరకు ఆడారో తెలుస్తుందా?"

"తెలుస్తుంది. మొదట్లో పేరు అడుగుతుంది కదా, అన్నీ నమోదవుతాయి."

"నువ్వెప్పుడూ చూడలేదా?"

"అంతమంది అంతలా పొగుడుతుంటే ఇంక చూడాలని ఎందుకనిపిస్తుందే?"

అన్న పట్టిక తెరిచాడు. తొమ్మిదే పేర్లున్నాయి. ఇంకా ఉంటాయేమోనని కిందికి జరపబోయాడు. కింద ఏమీ లేదు.

అయిదుగురు మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. ముగ్గురు మూడో అంతస్తులో ఆగిపోయారు, వాళ్లు పరిశీలకులు.

పన్నెండో అంతస్తు దాకా ఎక్కి ఆఖరి ఉత్తరం అందించింది ఒక్క పాతచెప్పే, పంతొమ్మిదిసార్లు. అందులో ఏడు ఆమె గెంటేసిన తర్వాత ఆడినవి.