మూడాటలోళ్లు

ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బాలు రెండు, ఒకటి పసుపు, ఒకటి తెలుపు, పుంగనూరు దారిలోని చెరువు మధ్యలో పక్కపక్కనే తేలుతున్నాయి.

డబ్బాల తాళ్లు నడుముకు కట్టుకుని, నీళ్ల మీద వెల్లకిలా పడుకుని నవ్వుతున్నారు ఇద్దరు ఆడవాళ్లు.

తహసీన్ మదనపల్లెలో జాకెట్లు కుడుతుంది. యమున ఆ ఊళ్లోనే ఒక స్కూల్లో ఆటల టీచరు. ఆరేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున యమున స్కూటీ మీద ఇద్దరూ వచ్చి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈది వెనక్కి వస్తారు.

గట్టు పక్క రోడ్డున బెంగళూరు సైకిళ్లు బారుగా పోయేవి. ట్రయాథ్లాన్ వాళ్లు. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకే పూట చేసేవాళ్లు. వీళ్లిద్దరూ వాళ్లకు పెట్టిన పేరు మూడాటలోళ్లు.

"పాపం మే, ఈదేటప్పుడు గూడా వాళ్ల మనసంతా గట్టు మీదే. సైకిలు ఎవురన్నా ఎత్తకపోతారేమో అని," అనేది తహసీన్.

"గడియారం సూసుకోకుండా ఊపిరన్నా తీసుకుంటారా?" అనేది యమున.

"ఒక్కటీ సరిగ్గా రానోళ్లే మూడూ చేసేది."

నవ్వితే నోట్లోకి నీళ్లు పోయేవి. దగ్గి, మళ్లీ నవ్వేవాళ్లు.

అట్లా నవ్విన ఒక పొద్దున, ఆకాశంలోకి చూస్తూ తహసీన్ ఎవరికీ చెప్పని మాట చెప్పింది. తనకు సైకిలు రాదు. పదేళ్లప్పుడు అన్న సైకిలు తీసుకుపోయి వీధిలో పడింది. ఆడపిల్లకు సైకిలేంటని వాళ్ల నాయన అందరి ముందూ చెంప మీద కొట్టాడు. బావిలో దించి ఈత నేర్పింది కూడా ఆ నాయనే. మళ్లీ సైకిలు ముట్టుకోలేదు. ఈ సంగతి మొగుడికి కూడా తెలియదు.

యమున చేయి చాచి తహసీన్ చేయి పట్టుకుంది.

మొన్న శుక్రవారం యమున ఫోన్ చేసింది.

"ఈ ఆదివారం నేను రాలేను మే. మా అత్తకు బాగలేదు. వాయల్పాడు పోవాల."

మర్నాడు, ఒకప్పుడు తహసీన్ దగ్గర జాకెట్లు కుట్టించుకున్న మునీశ్వరి కుప్పం నుంచి ఫోన్ చేసింది. అక్కడి చెరువు దగ్గర ట్రయాథ్లాన్ పెడుతున్నవాళ్లలో ఆమె ఒకతె. "ఆడోళ్లు ముప్పై మంది దిగతాండారు అక్కా. పడవలో ఈతొచ్చిన ఆడమనిషి ఒకరుంటే మాకు ధైర్యం."

ఎట్లాగూ ఖాళీ ఆదివారం. తహసీన్ సరేనంది. మూడాటలోళ్లను దగ్గర్నుంచి చూసొచ్చి, యమునను కడుపుబ్బ నవ్వించొచ్చు అనుకుంది. సాయంత్రం బస్సుకే కుప్పం చేరింది.

ఆదివారం పొద్దున డేరా వెనక లైఫ్ జాకెట్ బిగించుకుంటుంటే, గుడ్డకు అవతల నుంచి తెలిసిన గొంతు వినబడింది.

"మా తహసీన్‌కు మీరంటే గిట్టదు. యాలనుకుంటాండారు? ఆయమ్మకు సైకిలు తొక్కేది రాదు!"

నవ్వులు.

"వాళ్ల నాయన వీధిలో ఫట్‌మని ఒకటిచ్చినాడంట. ఇప్పుటికీ సైకిలు బెల్లు ఇంటే చెంప పట్టుకుంటాది!"

ఆ చివరి మాట తహసీన్ ఎన్నడూ చెప్పింది కాదు.

డేరా సందులోంచి చూసింది. యమున జబ్బ మీద నల్ల సిరాతో పోటీ నంబరు. అరచేత్తో తన చెంప మీదే కొట్టుకుని చూపిస్తోంది. వేసుకున్న ఈత బట్టలు తహసీన్ కుట్టినవే.

జాకెట్ బకిల్ మూడుసార్లు తప్పి, నాలుగోసారి పడింది.

పడవ నడిపే మునెయ్య ఆ చెరువులోనే చేపలు పట్టే మనిషి. విజిల్ మోగగానే అందరూ నీళ్లలోకి దూకారు. అరవై చేతులు, ఒకే రంగు టోపీలు. అయినా యమున ఎక్కడుందో తహసీన్‌కు తెలుస్తూనే ఉంది. ఎడమ చేయి కొంచెం వెడల్పుగా వేస్తుంది. ఆరేళ్లు చెప్పినా మారలేదు. అలిసిందంటే కుడికి లాగుతుంది.

సగం దూరంలో కుడికి లాగింది. అటువైపంతా నాచు.

"ఆయమ్మ దావ తప్పతాండాది. ఊదమ్మా," అన్నాడు మునెయ్య.

విజిల్ తహసీన్ పళ్ల మధ్యే ఉంది.

ఒక బార. రెండు. ఐదు.

"అమ్మా, ఊదు! నాచులో ఇరుక్కుంటాది!"

ఊదింది.

యమున తలెత్తింది. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చూసింది. పడవలో ఉన్నదెవరో గుర్తుపట్టింది.

"దావ సూపే ఎర్ర బెలూను ఎడమపక్క ఉండాది," అంది తహసీన్. "చేయి దగ్గరగా ఏసి పో."

యమున పరుగు ముగించేసరికి ఎండ బాగా ఎక్కింది. బస్టాండుకు బయల్దేరిన తహసీన్‌కు ఎదురొచ్చింది. మెడలో పతకం, వెనక ఇద్దరు కొత్త స్నేహితురాళ్లు.

"చెప్దామనే అనుకుంటి మే. నువ్వు నవ్వతావని..."

"నవ్వేదాన్నే. నవ్వి, నీతో పాటే బస్సెక్కి వచ్చేదాన్ని."

యమున పతకాన్ని అటూ ఇటూ తిప్పింది.

"మీ అత్తకు ఎట్లుండాది?" అని అడిగింది తహసీన్.



వెనక నిలబడ్డ ఇద్దరిలో ఒకామె నవ్వు ఆపుకుంటూ పెదవులు బిగబట్టి, తహసీన్‌ను పైనుంచి కింది దాకా చూసింది.

"తహసీన్ అంటే... ఈయమ్మేనా?"

యమున ఆమెను మోచేత్తో పొడిచింది.

"నేనే," అంది తహసీన్.