మళ్ళీ పొడే

"మళ్ళీ పొడేనా?" గాజు గొట్టాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తూ ప్రొఫెసర్ అరిచాడు.

పీహెచ్‌డీ విద్యార్థిని కూడా తొంగి చూసింది. గొట్టం అడుగున ఉండాల్సింది గోరంత నీలం స్ఫటికం. ఉన్నది లేత నీలం పొడి.

"మీ పేపర్లో రాసినట్టే చేశాను సార్. అవే పాళ్లు, అదే వేడి. అంతే నిదానంగా చల్లార్చాను."

"ఆడలేక మద్దెల ఓడందిట నీలాంటిదే! నా చేతుల్తో నేను పెంచాను, మొదటిసారే వచ్చింది. శుక్రవారం కమిటీ ముందు స్ఫటికం పెడతావో, సీటు ఖాళీ చేస్తావో తేల్చుకో."

తలుపు ధడాలున పడింది.

వేడి చేస్తే మామూలుగా ఏ వస్తువైనా వ్యాకోచిస్తుంది. ఆయన కనిపెట్టిన స్ఫటికం మాత్రం కుంచించుకుపోతుంది. ఆ ఒక్క పేపరుతోనే ఆయనకి పేరొచ్చింది, పదవొచ్చింది, ఈ ల్యాబూ వచ్చింది. అసలు స్ఫటికం ఏదో సదస్సుకి తీసుకెళ్తుంటే దారిలో పగిలిపోయిందని చెప్పేవాడు. దాన్ని మళ్ళీ పెంచడమే ఇప్పుడు ఆమె థీసిస్.

కాలుగాలిన పిల్లిలా ల్యాబంతా తిరిగింది. కడిగిన బీకర్నే మళ్ళీ కడిగింది. ఆరిపోయిన స్టవ్ ఆరిందో లేదో వెళ్లి చూసింది.

"కాసేపు కూర్చో తల్లీ, నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి," అన్నాడు అదే ల్యాబులో పనిచేసే సీనియర్.

"నీకెప్పుడైనా వచ్చిందా అన్నా?"

"నాకూ పొడే. బుద్ధిగా టాపిక్ మార్చుకున్నా. నీకు ముందున్న అక్కయితే చదువే మానేసి పోయింది. ఆయన హస్తవాసి మనకెక్కడిదిలే!"

ఆమె కూలబడి, బల్లమీద మోచేతులాన్చి తల పట్టుకుంది. మోచేతులు సన్నగా జివ్వుమన్నాయి. చటుక్కున లేచింది.

"అన్నా, ఈ బల్ల వణుకుతోంది!"

"పక్కగదిలో వాక్యూమ్ పంపు కదా. పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటుంది."

"మరి పొడి కాక ఇంకేమొస్తుంది? ద్రావణం ఇలా అదురుతుంటే ఒకేసారి వేల స్ఫటికాలు మొదలవుతాయి. ఏ ఒక్కటీ పెద్దదవదు!"

ఆ పూటే సామానంతా కింది అంతస్తులో, విరిగిన కుర్చీలు పడేసే గదిలోకి మోసుకెళ్లింది. పాత పరుపు ముక్క మడిచి వేసి, దానిమీద గొట్టం నిలబెట్టి, కొత్త ద్రావణం పోసింది.

ఇక మిగిలింది ఎదురుచూడడం. అదే ఆమెకి చేతకాని పని. మూత తీసి చూడాలని చేతులు పీకుతుంటే, ఆ చేతుల మీదే కూర్చుంది.

శుక్రవారం పొద్దున మూత తీసింది. అడుగున నిండు నీలం రంగులో, పదునైన అంచులతో, ఒకే ఒక్క స్ఫటికం!

సీనియర్ దాన్ని ఎక్స్‌రే యంత్రంలో పెట్టి వేడి పెంచాడు. తెరమీద స్ఫటికం సైజు చూపే గీత పైకెక్కలేదు. మెల్లగా కిందికి జారింది.

"తగ్గుతోందే! అచ్చం పేపర్లో చెప్పినట్టే!" అంటూ ఎగిరి గంతేశాడు.

ఆమె ఒక్క పరుగున ప్రొఫెసర్ గదికెళ్లింది. విన్నాక ఆయన మెచ్చుకోలేదు, నవ్వనూ లేదు. గబగబా ల్యాబుకొచ్చి, ఇద్దర్నీ పక్కకి జరగమని, తనే వేడి పెంచి చూశాడు. గీత కిందికి జారింది. యంత్రం ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ జారింది. ఉష్ణోగ్రత కొలిచే తీగ మార్చి చూశాడు. అప్పుడూ అంతే.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. స్టూలు మీద చతికిలబడ్డాడు.

"ఏమైంది సార్?" ఆమె దగ్గరికొచ్చింది. "మీకొచ్చినట్టే వచ్చింది కదా?"

ఆయన ఆ నీలం ముక్కనే రెప్ప వేయకుండా చూస్తూ, తనలో తను గొణుక్కున్నాడు.

"అయితే... ఇలాంటి స్ఫటికం నిజంగానే ఉంటుందన్నమాట!"