సింగపూర్ వెళ్ళిన చెప్పులు

మా నాచారం ఫ్యాక్టరీ నుంచి సింగపూర్‌కు మొదటి కంటైనర్ పంపే రోజు, అందులోకి ఎక్కి తలుపు లోపలే చెప్పులు విడిచి, పంపుసెట్ల పెట్టెలకు బొట్లు పెట్టి హారతిచ్చాను. దిగి కొబ్బరికాయ కొట్టి వచ్చేసరికి తలుపులు మూసేశారు. కస్టమ్స్ ఆఫీసరు సీలు వేసేశాడు.

అప్పుడు చూసుకున్నాను నా కాళ్ళు.

సీలు తీయిస్తే మద్రాసులో ఓడ వెళ్ళిపోతుంది. ఏ ఓడ ఏ రేవులో ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్తానని గొప్పలు పోయే ఎక్స్‌పోర్ట్ మేనేజర్ని నేనే. నోరు మూసుకున్నాను.

"ఏందయ్యా, చెప్పులేవి?" అన్నాడు ఓనరు సిద్దయ్య.

కార్తీకమాసం ఆదుకుంది. "అయ్యప్ప దీక్ష సార్" అన్నాను.

దేవుడి పేరు చెప్పి అబద్ధమాడానన్న భయంతో ఆ సాయంత్రమే ఉప్పల్ గుళ్ళో మాల వేసుకున్నాను. నల్లబట్టలు, చన్నీళ్ళు, చాప. ఆఫీసంతా "స్వామీ" అంటూ లేచి నిలబడేది. సిద్దయ్య రోజూ దండం పెట్టేవాడు. నాలో ఇంత భక్తి ఉందా అని నాకే ముచ్చటేసింది.

దీక్ష ముగియకముందే సింగపూర్ నుంచి టెలెక్స్ వచ్చింది. సిద్దయ్య నన్ను పిలిచి నిదానంగా వినిపించాడు: "సరుకు అందింది. చెప్పుల జత ఎవరిది?"

ఆయన మళ్ళీ దండం పెట్టాడు.

"తలుపు మూసింది నేనే గద స్వామీ. ఓడ పోతదని నేను గూడ నోర్మూసుకున్న."