ముందు ఆయన కూర్చున్నాడు

మెడకు కట్టిన కాగితపు గుడ్డతోనే ఆమె పళ్ళ డాక్టరు గదిలోంచి లేచి, మెట్లు దిగి, రోడ్డు మీదికి వచ్చేసింది.

అలా పారిపోవడం ఇది రెండోసారి.

రోజూ అరవై మందిని ఎక్కించుకుని ఇరుకు సందుల్లో బస్సు తిప్పే మనిషి. సూది కనబడితే మాత్రం కాళ్ళు ఆమె మాట వినవు. ఏడేళ్ళప్పుడు నలుగురు పెద్దవాళ్ళు కదలకుండా అదిమి పట్టుకుని పన్ను పీకించారు. ఏం చేయబోతున్నారో ఒక్కరూ చెప్పలేదు.

ఇప్పుడు దవడ పన్ను ప్రాణం తోడేస్తోంది. ఇంకా ఆలస్యం చేస్తే రూట్ కెనాల్ కూడా కుదరదని, పీకేయడమే మిగులుతుందని డాక్టరమ్మ ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఇంట్లో అమ్మ తిట్టింది, బతిమాలింది, చివరికి దణ్ణం పెట్టింది.

అమ్మ భర్త ఏ డాక్టరని మాత్రం అడిగాడు.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. అమ్మ ఆయన్ని చేసుకునేనాటికి ఈమెకు పంతొమ్మిదేళ్ళు. ఏమని పిలవాలో తేల్చుకోలేక, ‘ఇదిగో’, ‘మిమ్మల్నే’ అంటూ ఎనిమిదేళ్ళు నెట్టుకొచ్చింది. ఆయనా ఎప్పుడూ పట్టించుకోలేదు.

సోమవారం సాయంత్రం ఆయన మూతి ఒక పక్కకు జారి, మాట ముద్దయి ఇంటికి వచ్చాడు. ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“నా పిప్పిపన్నుకి ఇవాళ రూట్ కెనాల్ చేయించుకొచ్చాను. ఏమేం జరుగుతుందో వరసగా చెప్తా, విను.”

ఆ పన్నును ఆయన రెండేళ్ళుగా వాయిదా వేస్తున్నాడు.

ముందు చిగుళ్ళ మీద తియ్యటి మందు రాస్తారట. సూది చీమ కుట్టినంతేనట, పది లెక్కపెట్టేలోపు అయిపోతుందట. కాసేపటికి పెదవి తనది కాదనిపిస్తుందట. ఆ ఒక్క పన్నే పైకి కనబడేలా రబ్బరు గుడ్డ బిగిస్తారట. ఈత కొలను వాసన వస్తుందట. అది లోపల కడిగే మందు. కుళ్ళిన నరాన్ని సన్నటి పుల్లల్లాంటివాటితో తీసేస్తారట.

“మిషను మోత ఎక్కువ, పని తక్కువ. దవడ లాగుతుంది, అంతే. ఎడమ చెయ్యెత్తితే ఆపేస్తారు. నేను మూడుసార్లు ఎత్తా. మూడుసార్లూ డాక్టరమ్మ ఆపింది.”

“అంత నొప్పేసిందా?”

“లేదు. ఆపుతుందో లేదో చూద్దామని.”

బుధవారం ఆమె డ్యూటీ మార్చుకుని వెళ్ళింది. ఆయన కూడా వచ్చి బయట గదిలో కూర్చున్నాడు.

తియ్యటి మందు. చీమ. తనది కాని పెదవి. ఈత కొలను.

ఒక్కొక్కటీ చెప్పిన వరసలోనే వచ్చింది.

మధ్యలో ఒకసారి ఆమె ఎడమ చెయ్యెత్తింది. మోత ఆగింది. ఏం లేదన్నట్టు చెయ్యి దించింది. మళ్ళీ మొదలైంది.

కాళ్ళు కుర్చీ మీదే ఉన్నాయి.

చేతులు కడుక్కుంటూ డాక్టరమ్మ మాటల్లో మాటగా చెప్పింది. సోమవారం ఆయన నోరు తెరవడానికి ముందు ఒక్కో పరికరాన్నీ చూపించి, ఇది పెడితే ఎలా ఉంటుంది, ఎంతసేపుంటుంది అని అడిగాడట. మీకు అంత భయమా అంటే, “నాక్కాదండీ” అన్నాడట.

ఆమె బయటికి రాగానే ఆయన లేచి నిలబడ్డాడు. తను చెప్పినదాంట్లో ఏమైనా తేడా వచ్చిందా అని అడిగాడు.

లేదని తల ఊపింది. ఇంకేదో అనబోతే పెదవి సాయం రాలేదు. కళ్ళు మాత్రం నిండాయి.

మత్తు దిగేదాకా మాట్లాడొద్దంటూ ఆయన ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు.

బల్ల దగ్గరి అమ్మాయి డైరీ తెరిచింది. ఇంకొక్కసారి రావాలని, లోపల నింపి పైన మూత పెడతారని చెప్పింది. ఆయనకి వచ్చే గురువారం ఇచ్చామని, ఆమెకూ అదే రోజు రాయమంటారా అని అడిగింది.

ఆమె మొద్దుబారిన పెదవిని వేలితో సరిచేసుకుంది.

“ఈసారి నాకు ఆయనకంటే ఒకరోజు ముందు రాయండి.”